గడియారానికి పదిహేను రోజుల పరీక్ష

మైకేల్ టాపింగ్ అనే ఇంగ్లీషు సర్వేయరు 1796 జనవరిలో బందరులో జ్వరంతో చనిపోయాడు. మద్రాసు నుంగంబాకంలో 1792లో వెలసిన వేధశాల ఆయన కట్టించిందే. అక్కడి గ్రానైటు స్తంభం మీద తెలుగులో కూడా శాసనం చెక్కారు. ఆయన వృత్తి తీరాన్ని కొలవడం. రేఖాంశం తెలియాలంటే నమ్మదగిన గడియారం కావాలి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అంటే గడియారం 4 సెకన్లు తప్పితే, బందరు దగ్గర ఓడ తానున్న చోటును దాదాపు 1.8 కిలోమీటర్లు తప్పుగా లెక్కేసుకుంటుంది.

అయితే నావికుడు ఒక్క సెకనూ తప్పని గడియారం కావాలని అడగలేదు. అలాంటిది లేదని అతనికి తెలుసు. రోజుకు 10 సెకన్లు ముందుకు పోయినా ఫరవాలేదు, రోజూ అదే 10 పోవాలి. అప్పుడు లెక్కలో తీసేసుకోవచ్చు. ఈ రోజు 2 ముందు, రేపు 3 వెనక నడిచే గడియారమే అతన్ని ముంచుతుంది. గడియారాలకు ధ్రువపత్రాలిచ్చే పద్ధతి అంతా ఈ ఒక్క ఆలోచన మీదే నిలబడింది.

ఇంగ్లండులోని క్యూ వేధశాల 1884లో జేబు గడియారాలను పరీక్షించడం మొదలుపెట్టింది. 1914లో ఒక రోలెక్స్ చేతి వాచీ అక్కడ ‘ఎ’ తరగతిలో నెగ్గింది. ఇప్పుడు ఎక్కువగా వినపడే పేరు 1973లో స్విట్జర్లాండులో ఏర్పడిన పరీక్షల సంస్థ కాస్క్. అది పాటించే కొలమానం ఐ.ఎస్.ఒ. 3159.

పరీక్ష 15 రోజులు. మొదటి 10 రోజులూ 23 డిగ్రీల్లో ఉంచి, అయిదు భంగిమల్లో రెండేసి రోజులు నడిపిస్తారు: మూడు నిలువుగా, డయలు పైకి, డయలు కిందికి. ఎందుకంటే వాచీ గుండె అయిన బ్యాలెన్స్ చక్రం ఏ కాస్త ఒకవైపు బరువెక్కినా, నిలబెట్టినప్పుడు దాని ఊపు మారుతుంది. తర్వాత ఒక్కో రోజు 8, 23, 38 డిగ్రీల్లో. చివరి రెండు రోజులు మళ్లీ 23లో. మామూలు సైజు యంత్రం సగటున రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు మించి పోకూడదు. అందరికీ తెలిసిన అంకె ఇదే. నాకు మాత్రం దీనికన్నా ముఖ్యమనిపించేది మరొకటి: ఒకే భంగిమలో నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య తేడా సగటు 2 సెకన్లు దాటకూడదు. నావికుడు అడిగింది అదే కదా!

ఇక వేడి సంగతి. బ్యాలెన్స్ చక్రానికి ఉండే మామూలు ఉక్కు హెయిర్ స్ప్రింగు వేడికి మెత్తబడుతుంది. ఒక్క డిగ్రీ పెరిగితే వాచీ రోజుకు సుమారు 11 సెకన్లు వెనకబడుతుంది. మన ఊరి చెరువు గట్టున మే నెల మధ్యాహ్నం నీడలోనే 40 దాటొచ్చు. పరీక్షలో అతి వేడి 38! అటువంటి స్ప్రింగున్న వాచీని తెల్లవారుజామున సరిచేసి, ఆ గట్టు మీద పెడితే సాయంత్రానికే అది నిమిషం తేడా చూపొచ్చు. వేడికి పెద్దగా చలించని మిశ్రమ లోహాలను కనిపెట్టి స్ప్రింగులకు ఈ జబ్బు నయం చేసినవాడు షార్ల్ గియోమ్. ఇన్వార్ తదితర మిశ్రమాల మీద చేసిన కృషికి 1920లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వాచీ స్ప్రింగుకూ అందులో వాటా ఉందంటే నాకు ఎంతో సంతోషం.

మన ఇళ్లలో పెళ్లికొడుక్కు పెట్టిన వాచీ హెచ్.ఎం.టి. 1961లో జపాను సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైన వాచీల తయారీ అది. మన చేతికొచ్చిన హెచ్.ఎం.టి. ‘జనతా’ వాచీ ఏ స్విస్ పత్రమూ లేకుండానే వచ్చింది. గంటకు 18,000 టిక్కులు, రోజుకు 4,32,000. వెనక మూత తీస్తే బ్యాలెన్స్ చక్రం మీది వంతెన పైన సన్నటి కాడ ఉంటుంది. మెకానిక్కు కంటికి భూతద్దం తగిలించి, దాన్ని వెంట్రుకవాసి జరిపి వేగం దిద్దుతాడు. కాడ జరిపితే సగటు వేగం సరిపోతుంది కానీ, భంగిమల మధ్య తేడా పోదు. దానికి చక్రం బరువు సరిచూడాలి, పాత నూనె తీసి కొత్తది వెయ్యాలి.

తాతగారి వాచీ ఇంట్లో ఉంటే మీరే పరీక్షించవచ్చు. రోజూ ఒకే వేళకు నిండా కీ ఇచ్చి, ఫోనులోని సమయంతో సెకన్లు పోల్చి రాసుకోండి. ఒక భంగిమలో రెండు రోజులుంచి, తర్వాత మార్చండి. చివర్లో మొత్తం ఎంత తప్పిందన్నది కాదు, ఒక రోజుకూ మర్నాటికీ మధ్య అంకె ఎంత మారిందో చూడండి.