మాటలేని నవ్వు

మన పూర్వులు అభినయమును నాలుగు విధములుగా విభజించిరి. అవయవముల కదలికతో చేయునది ఆంగికము. మాటతో చేయునది వాచికము. వేషభూషలచే తెలియునది ఆహార్యము. కన్నీరు, పులకరింత, వణకు మున్నగు గుర్తులచే లోపలి భావమును వెల్లడించునది సాత్త్వికము. ఈ నాలుగింటిలో వాచికమును తొలగించినచో నటుడేమి చేయగలడు? అందును, మాటల చమత్కారమే ప్రాణమనుకొను హాస్యనటుడేమి చేయగలడు? ఒకప్పుడు లోకమందలి చలనచిత్ర నటులందరును ఈ పరీక్షకు నిలువవలసి వచ్చెను.

చలనచిత్రములు పుట్టిన పిదప ముప్పదియేండ్లకు పైగా వానికి మాటలు లేవు. వానిని మూకీలని పిలిచిరి. మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతమునుండి చిన్నచిన్న చిత్రములను ఊరూర ప్రదర్శించి మనవారికి ఈ వింతను పరిచయము చేసెను. ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో 'భీష్మప్రతిజ్ఞ' అను మూకీని నిర్మించెను. 1922లో ధీరేన్ గంగూలీ హైదరాబాదు నగరమున లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పి చిత్రములు తీసెను. ఆ కాలమున కథ తెలియుటకై తెరపై అక్షరములు చూపుచుండిరి. చదువు రానివారికి వానిని చదివి వినిపించువాడొకడు కావలసి వచ్చెడివాడు. నవ్వునకు మాత్రము ఆ చదువరి అక్కరలేకపోయెను. అందువలననే మూకీల హాస్యనటుల కీర్తి భాషల యెల్లలు దాటి వ్యాపించెను. అట్టివారిలో అగ్రగణ్యులు చార్లీ చాప్లిన్, బస్టర్ కీటన్. ఈ ఇరువురిని పోల్చి చూచినచో నవ్వు ఎంత వేఱువేఱు దారులలో పుట్టగలదో తెలియును.

చాప్లిన్ 1889వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన జన్మించి, లండను నగరపు పేదపేటలలో పెరిగెను. తల్లిదండ్రులు రంగస్థల గాయకులు. తండ్రి కుటుంబమును విడిచిపోయెను. తల్లికి కంఠస్వరము చెడెను. పిదప మనఃస్థిమితము తప్పెను. ఏడేండ్ల బాలుడు పేదల శరణాలయము పాలయ్యెను.

కీటన్ 1895వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున పికువా అను చిన్న ఊరిలో జన్మించెను. ఇతని తల్లిదండ్రులు ఊరూర తిరుగు వినోదప్రదర్శకులు. తండ్రి ఆ పసివానిని రంగస్థలముపై ఎత్తి విసరివేయుటయే వారి ప్రదర్శనలో ప్రధానాంశము. దెబ్బ తగులకుండ పడుటను బాలుడు చిన్ననాటనే నేర్చెను. తాను నవ్వినచో జనము నవ్వరనియు, ముఖము కదల్పక నిలిచినచో విరగబడి నవ్వుదురనియు గ్రహించెను. ఒకనికి ఆకలి గురువైనది; మఱియొకనికి పడుట గురువైనది.

చాప్లిన్ 1914లో తన దేశదిమ్మరి వేషమును తొలిసారి తెరపైకి తెచ్చెను. గుండ్రని టోపీ, బిగుతు కోటు, చేత సన్నని కఱ్ఱ, ముక్కు క్రింద చిన్న మీసము, వదులు లాగు, కాలికి మించిన బూట్లు. ఆ ఆహార్యములోనే ఒక కథ కలదు. టోపీ, చేతికఱ్ఱ దొరవి. లాగు, బూట్లు బిచ్చగానివి. అతడు ఇల్లు లేనివాడు, కూడు లేనివాడు. ఐనను మర్యాద విడువనివాడు. 'గోల్డ్ రష్' (1925) అను చిత్రమున మంచుకొండలలో చిక్కుకొని, ఆకలికి తాళలేక, తన బూటునే ఉడికించును. దానిని విందుభోజనమువలె పళ్లెమున వడ్డించును. బూటుత్రాళ్లను సేమ్యావలె చుట్టి నోట పెట్టుకొనును. మేకులను ఎముకలవలె చీకును. మనము నవ్వుదుము. నవ్వుచుండగనే ఆ ఆకలి నిజమైనదను తలపు తోచి మనసు కలుక్కుమనును. 'సిటీ లైట్స్' (1931) చివర, చూపు వచ్చిన పూలమ్మి చేతిస్పర్శచే తన ఉపకారిని గుర్తించును. అప్పుడు చాప్లిన్ ముఖమున సిగ్గు, భయము, ఆశ ఒక్కసారిగా కదలాడును. ఇది సాత్త్వికాభినయము. కావుననే అట్టి ఘట్టములలో అతడు కెమేరాను ముఖమునకు దగ్గరగా తెచ్చుకొనును.

కీటన్ ముఖమున ఇట్టి మార్పేదియు కానరాదు. జనులతనిని రాతిముఖమువాడనిరి. ముఖము మౌనము వహింపగా శరీరమే మాటలాడును. అతని పరుగు, దూకుట, జారుట, పడుట అన్నియు లెక్క తప్పని గణితములు. 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' (1928) అను చిత్రమున తుఫాను గాలికి ఇంటి ముందరి గోడ యంతయు ఒక్కుమ్మడి అతనిపై కూలును. మేడమీది కిటికీ ఖాళీ సరిగా అతడు నిలిచిన చోటికి వచ్చుటచే అతడు బ్రతుకును. ఆ గోడ అట్టముక్క కాదు. నిజమైన బరువు గలది. అతని దేహమునకును కిటికీ చట్రమునకును నడుమ ఎడము కొలది అంగుళములే. ఇట్టి ఘట్టములలో కీటన్ కెమేరాను దూరముగా నిలుపును. ఇందు మోసము లేదని జనము చూడవలెను గదా! 'షెర్లాక్ జూనియర్' (1924) తీయునప్పుడు నీటిధార మీద పడి అతని మెడయెముక చిట్లినను, ఆ సంగతి చాలయేండ్లకు గాని అతనికి తెలియలేదు. ఇది ఆంగికమునకు పరాకాష్ఠ. చాప్లిన్ మన జాలిని కోరును. కీటన్ ఏమియు కోరడు. ఆపద వచ్చినది, దాటవలెను, అంతియే.

ఈ భేదము యంత్రముల యెదుట మిక్కిలి స్పష్టమగును. 1931 సెప్టెంబరు 22వ తేదీన, రౌండ్ టేబుల్ సమావేశమునకై లండను వచ్చిన గాంధీ మహాత్ముని చాప్లిన్ దర్శించి, యంత్రములను ఏల నిరసింతురని అడిగెను. యంత్రముల మూలముగ భారతదేశము ఇంగ్లండుపై ఆధారపడవలసి వచ్చినదని గాంధీజీ వివరించెను. తరువాత 1936లో చాప్లిన్ చిత్రము 'మోడరన్ టైమ్స్' వెలువడెను. అందు అతడు కర్మాగారమున కదలు పట్టీ యెదుట నిలిచి, రోజంతయు మరలు బిగించుచుండును. పని ఆగినను అతని చేతులు ఆగవు. తుదకు అతడే యంత్రములోనికి జారి పెద్ద పెద్ద పండ్లచక్రముల నడుమ తిరుగును. ఇక్కడ యంత్రము మ్రింగునది, మనిషి మ్రింగబడువాడు.

కీటన్ చిత్రము 'ది జనరల్' (1926)లో నాయకుడు రైలింజను నడుపువాడు. ఇంజను అతనికి ప్రాణము. ఒక ఘట్టమున అతడు దిగులుపడి చక్రములను కలుపు ఇనుపకడ్డీపై కూర్చుండును. ఇంజను కదలుటతో కడ్డీ అతనిని మీదికి క్రిందికి ఊపుచు తీసికొనిపోవును. అతడు వెంటనే గమనింపడు. మఱియొకచోట శత్రువులు పట్టాలపై దూలములు పడవేయుదురు. అతడు ఇంజను ముందు భాగమున కూర్చుండి, ఒక దూలమును ఎత్తి రెండవదానిపై విసరి, రెండింటిని ఒక్కదెబ్బతో తొలగించును. ఇక్కడ యంత్రము మొండి యెద్దువంటిది. దాని స్వభావమెఱిగినవానికి వశమగును.

ఈ రెండు చూపులును మన ప్రాంతమువారికి క్రొత్తవి కావు. వానలు లేక, పని దొరకక, మూటలు నెత్తిన పెట్టుకొని దూరప్రాంతములకు వలసపోయిన పాలమూరు కూలీలను నాగర్‌కర్నూలు పల్లెలెఱుగును. ఎక్కడెక్కడి ఆనకట్టలకో రాళ్లు మోసిన ఆ చేతులకు తమ చేనికి నీరు లేకపోయెను. వారికి చాప్లిన్ దేశదిమ్మరి పరాయివాడు కాడు. నేడు అదే ప్రాంతమున కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు కృష్ణాజలమును మెట్టపొలములకు ఎక్కించుచున్నవి. ఆ పంపులను నడుపువానికిని, వనపర్తి రాజభవనమున నెలకొన్న పాలిటెక్నిక్ కళాశాలలో యంత్రవిద్య నేర్చువానికిని కీటన్ దగ్గరి చుట్టము. ఇక గద్వాల నేతగానిని చూడుడు. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును కూర్చునప్పుడు అతని చేయి, కాలు, కన్ను మగ్గముతో ఒక్కటై కదలును. అప్పుడు మగ్గము అతనికి మిత్రము. పడిన కష్టమునకు కూలి గిట్టక రాత్రింబవళ్లు దానికే కట్టుపడినచో అదే మగ్గము యజమాని యగును. యంత్రము మిత్రమా, శత్రువా అను ప్రశ్నకు ఉత్తరము యంత్రములో లేదు. దాని పగ్గము ఎవరి చేతనున్నదను విషయమున నున్నది.

ఈ సత్యము ఆ ఇరువురు నటుల జీవితములందే ఋజువయ్యెను. చలనచిత్రమును ఒక పెద్ద యంత్రమే. చాప్లిన్ 1919లో మువ్వురు మిత్రులతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అను సంస్థను స్థాపించి తన చిత్రములపై అధికారమును తనయందే నిలుపుకొనెను. మాటల చిత్రములు వచ్చిన తరువాతను, తన దేశదిమ్మరిచే మాటలాడింపనని పట్టుపట్టగలిగెను. కీటన్ తీసిన 'ది జనరల్' నాడు ధనము తేలేదు. 1928లో అతడు స్వతంత్రము విడిచి ఎం.జి.ఎం. అను పెద్ద సంస్థలో చేరెను. వలదని చాప్లిన్ హితవు చెప్పినను వినడాయెను. కథ, కూర్పు, పద్ధతి అన్నియు ఇతరుల చేతిలోనికి పోయెను. కీటన్ త్రాగుడు పాలయ్యెను. 1933లో సంస్థ అతనిని తొలగించెను. కూలు గోడనుండి తప్పించుకొనిన నేర్పరి ఒక ఒప్పందపత్రము నుండి తప్పించుకొనలేకపోయెను.

ఐనను కథ అంతటితో ముగియలేదు. 1952లో చాప్లిన్ తీసిన 'లైమ్‌లైట్' అను చిత్రమున ఇరువురును ముసలి హాస్యగాండ్రుగా ఒకే రంగస్థలముపై నటించిరి. పిదప కీటన్ పాతచిత్రములను లోకము మరల వెదకి చూచి, అతని ప్రతిభను గుర్తించెను. 1960లో కీటనునకును, 1972లో చాప్లినునకును గౌరవ ఆస్కారు బహుమతులు లభించెను. కీటన్ 1966లోను, చాప్లిన్ 1977లోను కన్నుమూసిరి. వారు చూపిన దారి మాత్రము మూతపడలేదు. 1987లో మన సింగీతం శ్రీనివాసరావు నిరుద్యోగియగు ఒక యువకుని కథను, ఒక్క సంభాషణయు లేకుండ, 'పుష్పక విమానము' అను పేర చిత్రముగా తీసి దేశమంతటిని నవ్వించెను.

బాలబాలికలారా! ఈ చిత్రములను చూచు అవకాశము కలిగినప్పుడు చాప్లిన్ ముఖమును గమనింపుడు. కీటన్ పాదములను గమనింపుడు. కష్టము వచ్చినప్పుడు మనిషి తన మనసును ఎట్లు కాపాడుకొనునో ఆ ముఖము చెప్పును. తన అడుగును ఎట్లు కాపాడుకొనునో ఆ పాదములు చెప్పును. బ్రతుకునకు రెండును కావలయును.