బాతుల గేమ్ గన్ కొత్త టీవీలో ఎందుకు పనిచేయదు?

ఈ ఎపిసోడ్ మా పిన్ని కొడుకు చేసిన ఒక ఫోన్ కాల్ వల్ల వచ్చింది. వాడు ఇంటర్ చదువుతున్నాడు. అటక మీద వాళ్ల నాన్న దాచిన టీవీ వీడియో గేమ్ దొరికింది. పసుపు, తెలుపు పిన్నుల వైరుతో హాల్లో ఉన్న ఎల్‌ఈడీ టీవీకి తగిలించాడు. మారియో వచ్చింది, కాంట్రా వచ్చింది. బాతుల గేమ్ కూడా ఓపెన్ అయింది. బాతులు ఎగురుతున్నాయి, గన్‌తో ఎంత కాల్చినా ఒక్కటీ పడట్లేదు. కుక్క మాత్రం ప్రతిసారీ లేచి నవ్వుతోంది. "అన్నా, గన్ పోయింది, ఎక్కడ రిపేర్ చేస్తారు?" అన్నాడు. గన్ బానే ఉందిరా, టీవీ మారిందంతే అన్నాను. నమ్మలేదు. అందుకే ఇదంతా వివరంగా చెప్తున్నా.

ముందు ఒక్క విషయం. ఆ గన్ నుంచి ఏమీ బయటికి రాదు. లేజర్ లేదు, ఇన్‌ఫ్రారెడ్ లేదు, ఏమీ లేదు. గన్ గొట్టం లోపల ఒక కటకం, దాని వెనక వెలుతురుని పట్టే చిన్న సెన్సర్, అంతే. అంటే మనం టీవీని కాల్చట్లేదు, టీవీ నుంచి వచ్చే వెలుతురుని గన్ చూస్తోంది. పేరు గన్ అయినా పని మాత్రం కంటిది.

డక్ హంట్ 1984లో జపాన్‌లో వచ్చింది. నింటెండో వాళ్ల గేమ్. మన దగ్గర మనం ఆడినవి ఎక్కువగా దాని నకలు మెషీన్లే, లోపల సూత్రం మాత్రం అదే. మీరు ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ మొత్తం ఒక్క ఫ్రేమ్ పాటు నల్లగా అయిపోతుంది. ఆ తర్వాతి ఫ్రేమ్‌లో బాతు ఉన్న చోట ఒక తెల్ల చదరం వస్తుంది. మన టీవీల్లో సెకనుకి 50 సార్లు బొమ్మ గీసేవారు, అంటే ఒక్కో ఫ్రేమ్ 20 మిల్లీసెకన్లు. మన కంటికి ఏదో మెరిసినట్టు అనిపిస్తుంది, అంతే. ఈలోపు మెషీన్ గన్‌ని రెండు ప్రశ్నలు అడుగుతుంది. నల్ల ఫ్రేమ్‌లో చీకటి కనిపించిందా? తర్వాతి ఫ్రేమ్‌లో వెలుతురు కనిపించిందా? రెండిటికీ అవును అయితే బాతు పడింది. రెండు బాతులుంటే ఒక ఫ్రేమ్‌లో ఒకదానికి చదరం, ఇంకో ఫ్రేమ్‌లో రెండోదానికి. ఎప్పుడు వెలుతురు కనిపించిందో చూసి ఏ బాతో చెప్పేస్తుంది. గన్‌కి తాను ఎటు చూస్తోందో తెలియనే తెలియదు.

ఆ నల్ల ఫ్రేమ్ ఎందుకో ఆలోచించారా? అది లేకపోతే ట్యూబ్‌లైట్ వైపు గన్ పెట్టి కాల్చినా బాతులన్నీ రాలిపోవాలి. నల్ల ఫ్రేమ్‌లో కూడా వెలుతురు కనిపిస్తే మెషీన్ ఒప్పుకోదు. నాకు ఈ గేమ్‌లో గ్రాఫిక్స్ కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది. పిల్లలు చేసే తొండిని ముందే ఊహించి కట్టేశారు.

ఇప్పుడు డబ్బా టీవీ సంగతి. పిక్చర్ ట్యూబ్ టీవీలో ఎలక్ట్రాన్ల పుంజం గాజు మీద పై నుంచి కిందికి, గీత తర్వాత గీత బొమ్మ గీస్తుంది. సెకనుకి 15 వేల పైచిలుకు గీతలు. సిగ్నల్ వచ్చిన క్షణమే బొమ్మ. మధ్యలో ఆలోచించడానికి టీవీ దగ్గర మెమరీ కూడా లేదు. గన్ సెన్సర్ ఈ గీతల వేగానికే ట్యూన్ అయి ఉంటుంది. ఎల్‌ఈడీ టీవీలో అలా గీయడం లేదు, వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. అది మొదటి దెబ్బ. రెండో దెబ్బ ఆలస్యం. కొత్త టీవీ బొమ్మని పట్టుకుని, పెద్దది చేసి, రంగులు సరిచేసి, అప్పుడు చూపిస్తుంది. కొన్ని టీవీల్లో మామూలు మోడ్‌లో ఇది 100 మిల్లీసెకన్లు దాటుతుంది. అంటే ఐదు ఫ్రేములు. గన్ తెల్ల చదరం కోసం చూసే టైముకి టీవీ ఇంకా పాత బొమ్మే చూపిస్తుంటుంది. బాతు ఎలా పడుతుంది?

అన్నట్టు, మారియో గుంతలో పడిపోతూ "నా చేతుల్లో పట్టు పోయింది" అనుకునేవాళ్లకి ఒక మాట. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. గన్ అయితే పనిచేయదు, దూకడం మాత్రం బాగుపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఇక్కడ గేమ్ పోలేదు, క్యాసెట్ పోలేదు, గన్ పోలేదు. ఆడలేకపోతున్నాం. పాత వస్తువుని దాచడం అంటే దాని చుట్టూ ఉన్నదంతా దాచాలన్నమాట.

దీనికి టీవీ సీరియళ్లలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. డాక్టర్ హూ, బీబీసీ సైన్స్ ఫిక్షన్ షో, 1963లో మొదలైంది. టైమ్ మెషీన్‌లో తిరిగే డాక్టర్ కథ. అప్పట్లో వీడియో టేపులు ఖరీదు. వాటిని మళ్లీ వాడుకోవడానికి, అల్మారాలు ఖాళీ చేయడానికి బీబీసీ వాళ్లే పాత ఎపిసోడ్లు చెరిపేశారు. 1960ల నాటివి తొంభైకి పైగా ఇప్పటికీ దొరకలేదు. కాలంలో వెనక్కి వెళ్లే షోకి ఈ గతి! 2013లో నైజీరియాలో తొమ్మిది దొరికాయని ప్రకటించారు, అప్పట్లో ప్రసారం కోసం పంపిన కాపీలు అవి. పోయిన వాటిలో కూడా ప్రతి ఎపిసోడ్‌కీ ఆడియో మాత్రం మిగిలింది. ఎలాగంటే, అభిమానులు ఇంట్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి రికార్డ్ చేసుకున్నారు. చరిత్ర కోసం అని కాదు, మళ్లీ వినాలనిపించి.

మన ఫోన్ గేములకి అలాంటి అవకాశం ఉందా? పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు, అక్టోబర్ 30న ఇండియాలో సర్వర్లు ఆపేశారు. ఫోన్లో యాప్ ఉంది, గేమ్ లేదు. మరుసటి ఏడాది బీజీఎమ్ఐ వచ్చి, పాత ఐడీ వివరాలు తెచ్చుకునే వీలిచ్చింది కాబట్టి సరిపోయింది. ది క్రూ అనే కారు రేసింగ్ గేమ్ కొన్నవాళ్లకి అదీ లేదు. 2014లో వచ్చింది, 2024 మార్చి 31న సర్వర్లు ఆగాయి. ఒంటరిగా ఆడుకునే భాగానికి కూడా ఇంటర్నెట్ కావాలి కాబట్టి మొత్తం గేమే మూతపడింది. డబ్బులిచ్చి కొన్నారండి! ఆ కోపంలోంచే యూరప్‌లో ఒక ఉద్యమం పుట్టి, 2025లో పది లక్షలకు పైగా సంతకాలు తెచ్చుకుంది. సర్వర్లు శాశ్వతంగా నడపమని కాదు వాళ్లు అడిగేది, ఆపేటప్పుడు ఆడుకునే స్థితిలో వదిలేయండి అని. నాకు ఇది న్యాయంగానే అనిపిస్తోంది.

ఆఫ్‌లైన్ గేమ్ అయినా గ్యారంటీ లేదు. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు పాత 32 బిట్ యాప్స్ ఒక్కటీ తెరుచుకోలేదు. తయారు చేసినవాళ్లు అప్‌డేట్ ఇస్తే బతికింది, లేకపోతే పోయింది.

మా వాడికి చివరికి ఏం చెప్పానంటే, డబ్బా టీవీ ఎవరింట్లోనైనా పడి ఉందేమో అడుగు, పాత సామాన్ల వాడికి వేసేలోపు తెచ్చుకో. అమ్మమ్మ వాళ్లింట్లో ఒకటి ఉందట, ఆదివారం వెళ్తానన్నాడు. మీరైతే ఇప్పుడే ఒక పని చేయండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మీ గేములన్నీ ఒక్కొక్కటిగా ఓపెన్ చేయండి. ఎన్ని తెరుచుకుంటాయో లెక్కపెట్టండి. నా ఫోన్లో పదకొండుకి మూడు.