ఇంప్లాంట్ మీద అలలు: రిప్లింగ్ ఎందుకొస్తుంది, ఎప్పుడు చూపించుకోవాలి?

ఈరోజు టాపిక్ చూసి కొంతమంది ఇయర్‌ఫోన్స్ వెతుక్కుని ఉంటారు. పర్లేదు, పెట్టుకునే వినండి. బ్రెస్ట్ ఇంప్లాంట్ అనగానే మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, ఏదో హీరోయిన్ ఫోటో జూమ్ చేసి "ఇది ఒరిజినల్ కాదు బ్రో" అని కామెంట్. రెండోది, "ఛీ, అలాంటివి మాట్లాడకూడదు". ఈ రెండిటి మధ్యలో నిజంగా సర్జరీ చేయించుకున్న ఆడవాళ్లకి సమాచారం దొరకదు.

మీరు పంపిన మెసేజ్‌ల్లో ఒకటి చెప్తాను. క్యాన్సర్ వల్ల ఒక వైపు రొమ్ము తీసేసి, ఇంప్లాంట్ పెట్టించుకున్న ఒక అక్క రాశారు. "ముగ్గు వేద్దామని వంగితే లోపల చర్మం గీతలు గీతలుగా లాగినట్టు అవుతోంది. తడిమితే అంచులా తగులుతోంది. మళ్లీ వచ్చిందేమో అని నిద్ర పట్టట్లేదు. ఇంట్లో చెప్పలేదు." ఎపిసోడ్ చేద్దామనుకున్నది ఆ మెసేజ్ చదివాకే.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి, తర్వాత ఇటు వచ్చినవాళ్లలో ఒక్కరిని. ఒక వస్తువు ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఫెయిల్ అవుతుంది అన్నది అర్థమయ్యేలా చెప్పగలను. మీ ఒంటికి ఏం చేయాలన్నది మాత్రం మిమ్మల్ని చేత్తో పట్టి చూసిన డాక్టరే చెప్పాలి.

అసలు రిప్లింగ్ అంటే ఏంటి?

ఇంప్లాంట్ అంటే సింపుల్‌గా ఒక సంచి. బయటి తొడుగు సిలికోన్ రబ్బరు. మన చిప్పుల్లో ఉండేది సిలికాన్, ఇది సిలికోన్, రెండూ వేరు. లోపల ఉప్పునీళ్లు ఉంటే సెలైన్ ఇంప్లాంట్, జెల్ ఉంటే సిలికోన్ జెల్ ఇంప్లాంట్. రెండిటికీ తొడుగు మాత్రం రబ్బరే.

ఇప్పుడు ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ ఒకటి తీయండి. నిండుగా ఉంటే కవర్ నున్నగా ఉంటుంది. ఒక గ్లాసు పాలు ఒంపేసి, ప్యాకెట్ మూతి కట్టి నిలబెట్టండి. పాలు కిందికి దిగుతాయి, పై కవర్ ముడతలు పడుతుంది. రిప్లింగ్ అంటే అదే. తొడుగులో పడిన ముడత చర్మం మీద కనిపించడమో, కనిపించకపోయినా చేతికి తగలడమో.

అక్క చెప్పినట్టు వంగినప్పుడే ఎందుకు ఎక్కువ? వంగితే బరువంతా ముందుకి జారుతుంది. పైభాగం ఖాళీ అయి మడత పడుతుంది, చర్మం కూడా ఆ బరువుకి లాగబడుతుంది. నిటారుగా నిలబడితే చాలామందిలో మళ్లీ సర్దుకుంటుంది.

డాక్టర్లు దీన్ని రెండు రకాలుగా చూస్తారు. ఒకటి, సంచి సరిపడా నిండకపోవడం వల్ల వచ్చే ముడత. రెండోది, ఇంప్లాంట్ బరువు పైనున్న పల్చటి కణజాలాన్ని కిందికి లాగడం వల్ల వచ్చే గీత. ఈ రెండో రకం గరుకు తొడుగు ఉన్నవాటిలో ఎక్కువ, ఎందుకంటే ఆ గరుకుతనం చుట్టూ ఉన్న కణజాలాన్ని పట్టుకుని ఉంటుంది.

లోపల ఏముంది: నీళ్లా, పెరుగా, జున్నా?

నీళ్లకి సొంత ఆకారం ఉండదు. అందుకే సెలైన్‌లో రిప్లింగ్ ఎక్కువ. సెలైన్ సంచిని సర్జరీ టేబుల్ మీదే నింపుతారు, ఎంత నింపాలో కంపెనీ ఒక రేంజ్ ఇస్తుంది. తక్కువ నింపితే ముడత. "అయితే ఫుల్‌గా కొట్టేస్తే పోలా?" అనిపిస్తుంది కదా. మరీ ఎక్కువ నింపితే బంతిలా గట్టిపడుతుంది, అంచుల్లో మళ్లీ వేరే రకం అలలు వస్తాయి.

జెల్ అలా కాదు. కొన్ని జెల్‌లు పల్చటి పెరుగులా కదులుతాయి, కొన్ని గడ్డ పెరుగులా. ఇంకొన్ని జున్నులా, ముక్క కోసినా ఆకారం నిలబడుతుంది. వాటిని బయట గమ్మీ బేర్ ఇంప్లాంట్ అంటారు. జెల్ ఎంత గట్టిగా పట్టుకుని ఉంటే ముడత అంత తక్కువ.

ఇక్కడ చిన్న చరిత్ర. మొదటి సిలికోన్ జెల్ ఇంప్లాంట్ 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పెట్టారు. 1992లో అక్కడి ఎఫ్‌డీఏ, అంటే మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ, అందం కోసం జెల్ ఇంప్లాంట్లు పెట్టడాన్ని ఆపేసింది. 2006 నవంబర్‌లో మళ్లీ అనుమతించింది. మధ్యలో పద్నాలుగేళ్లు అక్కడ అందం కోసం పెట్టినవి ఎక్కువగా సెలైన్‌వే.

తర్వాత జున్నులాంటి జెల్ వచ్చింది. రిప్లింగ్ తగ్గింది, బాగానే ఉంది. కానీ వాటిలో చాలావాటికి నీటిచుక్క ఆకారం. లోపల తిరిగిపోతే రొమ్ము షేపే మారిపోతుంది. తిరక్కుండా ఉండటానికి తొడుగు గరుకుగా చేశారు. ఆ గరుకు తొడుగుకీ, బీఐఏ-ఏఎల్‌సీఎల్ అనే అరుదైన లింఫోమాకీ సంబంధం బయటపడింది. ఇది రొమ్ము క్యాన్సర్ కాదు, రోగనిరోధక కణాల్లో వచ్చే క్యాన్సర్. 2019 జూలైలో అలర్గాన్ కంపెనీ బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లను ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఇంకో చోట ఇంకో బగ్ తేలినట్టు. అందుకే "రిప్లింగ్ రాని ఇంప్లాంట్ ఇవ్వండి" అని ఒక్క మాట అడిగితే సరిపోదు, దానికి బదులుగా ఏం ఒప్పుకుంటున్నామో కూడా అడగాలి.

పైన కప్పు ఎంత మందం?

నా లెక్కలో అసలు విషయం ఇదే. సంచిలో ఏముంది అన్నది సగం కథ, పైన ఏం కప్పింది అన్నది మిగతా సగం.

నేల మీద తాడు పెట్టి దాని మీద పల్చటి చీర పరచండి, తాడు కనిపిస్తుంది. అదే తాడు మీద బొంత పరవండి, కనిపించదు. తాడు మారలేదు, కప్పు మారింది. ఒంట్లో ఆ కప్పు అంటే చర్మం, కొవ్వు, రొమ్ము కణజాలం, కొన్ని సర్జరీల్లో ఛాతీ కండరం.

సర్జన్లు దీన్ని కొలుస్తారు. రొమ్ము పైభాగంలో వేళ్లతో గిచ్చినట్టు పట్టుకుని మందం చూస్తారు, దాన్ని పించ్ టెస్ట్ అంటారు. చాలామంది 2 సెంటీమీటర్లను గీతగా పెట్టుకుంటారు. అంతకంటే తక్కువుంటే ఇంప్లాంట్‌ని కండరం కింద పెట్టడం మేలని సలహా ఇస్తారు. కానీ ఆ కండరం కింది భాగాన్నీ, బయటి పక్కనీ పూర్తిగా కప్పదు. కండరం కింద పెట్టించుకున్నవాళ్లకి కూడా చంక వైపు, కింద అంచులో ముడత చేతికి తగిలేది అందుకే.

సన్నగా ఉన్నవాళ్లు మరీ పెద్ద సైజు పెట్టించుకుంటే ఇబ్బంది రెట్టింపు. ఆ బరువుకి ఏళ్లు గడిచేకొద్దీ కణజాలం సాగి ఇంకా పల్చబడుతుంది. ఒకేసారి బాగా బరువు తగ్గినా, పిల్లలకి పాలిచ్చాక కణజాలం తగ్గినా, అప్పటిదాకా లేని ముడత కనిపించొచ్చు. ఇంప్లాంట్ అదే, బొంత చీర అయ్యింది.

క్యాన్సర్ సర్జరీ తర్వాత

ఇప్పుడు అక్క ప్రశ్నకి వద్దాం. మాస్టెక్టమీలో రొమ్ము కణజాలం మొత్తం తీసేస్తారు. మిగిలేది చర్మం, దాని కింద పల్చటి కొవ్వు. అంటే బొంత మొత్తం పోయింది. అందుకే అందం కోసం చేయించుకున్నవాళ్ల కంటే వీళ్లలో రిప్లింగ్ బాగా ఎక్కువ. ఇంప్లాంట్‌ని కండరం పైన పెడితే ఇంకా ఎక్కువ.

కాబట్టి వంగినప్పుడు గీతలు కనిపించడం ఈ సర్జరీ తర్వాత చాలామందికి ఉండేదే. ఆ ముడత వల్ల ప్రాణానికి ప్రమాదం లేదు.

కానీ ఇక్కడితో ఆపేస్తే నేను తప్పు చేసినట్టు అవుతుంది. రొమ్ము తీసేశాక కూడా చర్మం కింద, మిగిలిన కొవ్వులో క్యాన్సర్ తిరిగి రావచ్చు. అది చేతికి చిన్న గడ్డలా తగలొచ్చు. ఇంప్లాంట్ ముడత కూడా చేతికి గట్టి అంచులానే తగలొచ్చు. వేళ్లతో తేడా చెప్పడం మనకే కాదు, ఒక్కోసారి డాక్టర్‌కీ కష్టమే. ముడతని క్యాన్సర్ అనుకుని నిద్ర మానేయడం ఒక నష్టం. గడ్డని "ముడతేలే" అని ఆరు నెలలు వదిలేయడం అంతకంటే పెద్ద నష్టం.

తేడా చెప్పేది స్కాన్. అల్ట్రాసౌండ్‌లో తొడుగు మడత పడిందా, తొడుగు పైన కణజాలంలో గడ్డ ఉందా అన్నది సాధారణంగా తెలుస్తుంది. ఒకవేళ సూది పరీక్ష చేయాల్సి వస్తే "లోపల ఇంప్లాంట్ ఉంది" అని ముందే గట్టిగా చెప్పండి, సూది తగిలితే సంచి చిల్లు పడుతుంది. స్కాన్ చూస్తూ చేస్తే ఆ రిస్క్ తగ్గుతుంది. అక్కా, వచ్చే చెకప్ దాకా ఆగకండి, ఈ వారమే మీ ఆంకాలజిస్ట్‌కి చూపించండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పి, తోడు తీసుకెళ్లండి.

వెంటనే చూపించాల్సినవి

ఇంప్లాంట్ ఏ కారణంతో పెట్టించుకున్నా సరే, ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు.

ఒకటి, ముడత ఒక్క వైపే, ఉన్నట్టుండి వచ్చింది. సెలైన్ సంచి చిల్లు పడితే నీళ్లు ఒంట్లో కలిసిపోయి, కొద్ది రోజుల్లోనే సైజు తగ్గి ముడతలు పడుతుంది. ఉప్పునీళ్లే కాబట్టి విషం కాదు, కానీ ఇంప్లాంట్ పని అయిపోయినట్టే. జెల్ సంచి చిరిగితే బయటికి ఏమీ తెలియకపోవచ్చు. అందుకే జెల్ ఉన్నవాళ్లు ఏ లక్షణం లేకపోయినా 5 నుంచి 6 ఏళ్లకి మొదటిసారి, తర్వాత 2, 3 ఏళ్లకోసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోవాలని ఎఫ్‌డీఏ సూచన.

రెండు, రొమ్ము గట్టిపడుతోంది, నొప్పి వస్తోంది, షేప్ మారుతోంది. ఏ ఇంప్లాంట్ చుట్టూ అయినా శరీరం ఒక పొర కట్టుకుంటుంది. ఆ పొర బిగుసుకుంటే తొడుగుని నొక్కి మడత పెడుతుంది.

మూడు, సర్జరీ అయిన ఏళ్ల తర్వాత ఒక వైపు వాపు. ఇందాక చెప్పిన లింఫోమా ఎక్కువగా బయటపడేది ఇలాగే.

నాలుగు, వంగినా నిలబడినా పడుకున్నా ఒకే చోట మారకుండా తగిలే గడ్డ.

సరిచేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, చేయించుకోకపోవచ్చు కూడా. స్కాన్‌లో అంతా బాగుంటే, మనసుకి ఇబ్బంది లేకపోతే, అలాగే వదిలేయడం కూడా సరైన నిర్ణయమే.

సరిచేయాలంటే దారులు ఇవి. సెలైన్ తీసి గట్టి జెల్ పెట్టడం. కండరం పైన ఉన్నదాన్ని కిందికి మార్చడం, అయితే చేతులతో బలంగా తోసినప్పుడు కండరంతో పాటు రొమ్ము కూడా కదులుతుంది. పొట్ట, తొడల నుంచి కొవ్వు తీసి చర్మం కింద నింపడం, అంటే చీరని మళ్లీ బొంత చేయడం. నింపిన కొవ్వులో కొంత శరీరం పీల్చేసుకుంటుంది కాబట్టి ఒక్కసారితో అవ్వకపోవచ్చు. నిలవని కొవ్వు చిన్న గడ్డలా మారి, తర్వాత స్కాన్‌లో కంగారు పెట్టొచ్చు. ఇంకోటి, మనిషి లేదా పంది చర్మాన్ని శుద్ధి చేసి తయారుచేసిన ఏడీఎమ్ అనే పొరని అడ్డుగా కుట్టడం. రొమ్ము పునర్నిర్మాణం కోసం అలాంటి పొర దేన్నీ తాము ఆమోదించలేదని 2021లో ఎఫ్‌డీఏ గుర్తు చేసింది, కొన్ని రకాలతో ఇబ్బందులు ఎక్కువ ఉండొచ్చని కూడా చెప్పింది. చివరి దారి, ఇంప్లాంట్ తీసేయించుకోవడం. అది ఓటమి కాదండి, అదీ ఒక ఆప్షనే.

సర్జరీకి ముందున్నవాళ్లు ఇవి అడగండి

నా పైభాగం మందం ఎంత? ఈ సైజుకి అది సరిపోతుందా? కండరం పైనా, కిందా? లోపల ఏ జెల్? తొడుగు నున్ననా, గరుకా? రిప్లింగ్ వస్తే రెండో సర్జరీ ఖర్చు ఎవరిది? ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు. ఆ లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి.

సర్జరీ అయ్యాక ఇంప్లాంట్ కార్డ్ ఇస్తారు. కంపెనీ, మోడల్, సైజు, సీరియల్ నంబర్ అన్నీ అందులో ఉంటాయి. బీరువాలో పట్టుచీరల కింద పడేయకుండా ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. రేపు ఏ కంపెనీ అయినా ఏదైనా మోడల్ వెనక్కి తీసుకుంటే, అది మీదో కాదో ఆ కార్డే చెప్తుంది.

ఆ జూమ్ చేసి కామెంట్ పెట్టే బ్రదర్స్‌కి కూడా ఒక మాట. మీరు నవ్వుతున్న ఆ గీత వెనక ఒక కీమో వార్డ్ ఉండొచ్చు. మీ కామెంట్ చదివి మీ ఇంట్లోనే ఎవరో ఒకరు డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేయొచ్చు.

ఈరోజుకి ఇంతేనండి. ఇది ఎవరికైనా పనికొస్తుందనిపిస్తే గ్రూపుల్లో కాకుండా వాళ్లకి విడిగా పంపండి. ప్రశ్నలుంటే పేరు లేకుండా రాసినా పర్లేదు, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.