జీవో ఖరీదెంత? చేవెళ్ల, మొయినాబాద్ విశేషాలు

చట్టం చేతికిస్తే లాయరు ‘ఇది చెల్లుతుందా, చెల్లదా?’ అని చూస్తాడు. ఆర్థికవేత్త ‘లాభం ఎవరికి, ఖర్చు ఎవరి నెత్తిన?’ అని అడుగుతాడు. ఆ రెండో ప్రశ్న పట్టుకుని హైదరాబాద్‌లో వికారాబాద్ రోడ్డు ఎక్కితే మొయినాబాద్, చేవెళ్ల దాటేలోపు ఎన్ని సంగతులు తగులుతాయో చూడండి.

వరద కట్టించిన జలాశయాలు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేల మంది చనిపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. మనం గండిపేట అనేది మొదటిదాన్నే. వీటిలోకి వాన నీరు దిగేది మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్ వైపు నేలల మీదుగా. రక్షణ పట్నానికి, కట్టుబాటు పల్లెకు. తర్వాతి తగవులన్నీ ఇక్కడ మొదలైనవే.

84 గ్రామాలు, ఒక్క జీవో

1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీల వంటివాటిని నిషేధించింది. దాని కిందికి వచ్చినవి 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు. అంటే దాదాపు 534 చదరపు కిలోమీటర్లు. ఒక మహానగరానికి సరిపడా నేల!

మొత్తం తీసుకుంటే డబ్బు, సగం తీసుకుంటే సున్నా

ప్రభుత్వం రోడ్డు కోసం భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం వర్తిస్తుంది. పల్లెల్లో మార్కెట్ విలువను 2 రెట్ల దాకా లెక్కగట్టి, దానిపై మరో 100 శాతం సొలేషియం ఇవ్వాలి. అదే భూమిని రైతు పేరు మీదే ఉంచి ‘ఇందులో ఇది కట్టొద్దు, అది కట్టొద్దు’ అంటే మాత్రం పరిహారం ఊసే ఉండదు. జీవో 111 గ్రామాల రైతు కడుపుమంట అంతా ఈ తేడాలోనే ఉంది.

బేరం ఎందుకు కుదరదు?

రొనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1960లో ఒక వ్యాసం రాశారు. హక్కులు స్పష్టంగా ఉండి, బేరమాడుకోవడానికి ఖర్చేమీ లేకపోతే ఇరుపక్షాలూ తామే లాభసాటి ఒప్పందానికి వస్తాయన్నది అందులో బాగా ప్రసిద్ధికెక్కిన మాట. 1991లో ఆయనకు నోబెల్ వచ్చింది. కానీ గండిపేట నీళ్లు తాగే లక్షల కుటుంబాలు ఒకవైపు, 84 ఊళ్ల రైతులు మరోవైపు. వీళ్లను ఒకచోట కూర్చోబెట్టి ‘ఎకరాకు ఎంత ఇస్తే కట్టడం మానేస్తారు?’ అని అడిగేదెవరు? బేరం ఖర్చే బేరాన్ని మింగేస్తుంది. అలాంటిచోట జీవో దిగుతుంది. కోస్ అసలు గుర్తుచేసింది కూడా ఈ ఖర్చునే.

రుజువు బరువు ఎవరిది?

శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె ఉత్పత్తుల పరిశ్రమ జీవో నుంచి మినహాయింపు కోరింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ‘ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు’గా దేశమంతటా లా విద్యార్థులు చదివే తీర్పు అదే. 1999 జనవరి 27న కోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరిస్తూ, హాని జరగదని నిరూపించే బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవారిదే అంది. ఆర్థికవేత్త లెక్క కూడా అదే. ఏ రసాయనం ఎక్కడికి పోతుందో తక్కువ ఖర్చుతో చెప్పగలిగేది ఫ్యాక్టరీ, ఊరివాళ్లు కాదు.

1.25 శాతం లెక్క

2022 ఏప్రిల్ 12న వచ్చిన జీవో 69, జీవో 111 ఆంక్షలను సడలించింది. నగరానికి అందే నీటిలో ఈ జంట జలాశయాల వాటా 1.25 శాతం లోపేనన్నది ప్రభుత్వం చూపిన కారణం. 2023 మేలో అప్పటి మంత్రివర్గం జీవో 111ను పూర్తిగా ఎత్తేయాలని నిర్ణయించింది. అయితే ఆ శాతం తాగునీటి లెక్క మాత్రమే. ఈ జలాశయాలు పుట్టిందే వరద ఆపడానికి. 2020 అక్టోబరు వానలకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది. వరద ఆపిన విలువ ఏ నీటి బిల్లులోనూ కనిపించదు.

ఒకే ఊళ్లో మూడు రకాల హక్కు

కలబ్రేసీ, మెలమెడ్ అనే ఇద్దరు అమెరికన్లు 1972లో హక్కులను మూడు రకాలుగా విడదీశారు. యజమాని ఒప్పుకుంటేనే కొనగలిగేది ఒకటి. ఒప్పుకోకపోయినా పరిహారం ఇచ్చి తీసుకోగలిగేది రెండోది. యజమాని ఒప్పుకున్నా అమ్మకూడనిది మూడోది. మన పల్లెలో పట్టా భూమి మొదటిది, భూసేకరణలో పోయేది రెండోది, పేదలకిచ్చిన అసైన్డ్ భూమి మూడోది. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మితే ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. పేదవాడి చేతిలో భూమి నిలవాలన్నది ఉద్దేశం. చాటుగా అమ్మినవాడికి దక్కేది మాత్రం చవక ధర, ఎందుకంటే కొనేవాడు తన భయాన్ని కూడా ధరలోంచి కోసేస్తాడు.

సాదాబైనామా పొదుపు

తెలంగాణలో 2021 జూలై నుంచి భూమి రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం. 10 లక్షల కొనుగోలుకు 75 వేలు. పాత రోజుల్లో ఊళ్లలో ఇలాంటి బాదుడు తప్పించుకోవడానికి తెల్లకాగితం మీద రాసుకునేవారు. అదే సాదాబైనామా. అప్పుడు మిగిలిన డబ్బు తర్వాత కోర్టు ఫీజులుగా, పాసుబుక్కు తిప్పలుగా బయటపడుతుంది.

చేవెళ్ల నుంచి బోరుబావి దాకా

2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలైంది చేవెళ్లలోనే. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ఆయన తొలి సంతకం ఉచిత వ్యవసాయ విద్యుత్తు ఫైలు మీద. దానికి ముందే, 2002లో, భూగర్భ జలాలను కాపాడే వాల్టా చట్టం వచ్చింది. ఒక చట్టం బోరు తవ్వకానికి అడ్డుకట్ట వేస్తుంటే, ఒక సంతకం మోటారు ఖర్చును సున్నా చేసింది. ధర సున్నా అయినచోట నిబంధన ఒంటరిగా నిలబడలేదు. తర్వాత 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను కోరింది.

మర్రిచెట్లా, రోడ్డా?

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డుకు ఇరువైపులా దాదాపు 900 మర్రిచెట్లు. వాటిని కాపాడాలన్న కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, విస్తరణ ఏళ్ల తరబడి ఆగింది. ఇదే రోడ్డు మీద 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో బస్సు, టిప్పరు ఢీకొని 19 మంది చనిపోయారు. చెట్టు విలువా నిజమే, ప్రాణం విలువా నిజమే. రెండూ కలిపి మొదటి డిజైన్‌లోనే లెక్కవేసి ఉంటే ఆలస్యం ఖరీదు ఇంత ఉండేది కాదు.

హుండీ లేని గుడి, లాటరీ వీసా

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు. కోరికకు 11 ప్రదక్షిణలు, తీరితే 108. డబ్బు ధర లేనిచోట కాళ్ల సత్తువే ధర. ఇక్కడ ఎక్కువమంది మొక్కే హెచ్-1బి వీసాకు ఏటా పరిమితి 85 వేలు. దరఖాస్తులు మించితే లాటరీ. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. లాటరీ పక్కన ధర వచ్చి కూర్చుంది.

చివరగా ఒక మాట. ఈ రోడ్డు మీద ఎవరైనా ‘జీవో పోయింది, రేపు రేటు రెట్టింపు’ అని ఫామ్‌ప్లాటు చూపిస్తే, ఆ ఆశను ఇప్పటికే ధరలో కలిపేశారని గుర్తుంచుకోండి. గ్రామం ఆ 84లో ఉందా, సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా చూసుకున్నాకే బయానా చేతిలో పెట్టండి.