ఊరేగింపు ఏ వీధిన పోతుంది?

"మాది కూచిపూడి" అని చెప్పగానే హాస్టల్లో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "అయితే నీకు డాన్సు వచ్చా?" అని. రాదు. మాది వ్యవసాయ కుటుంబం. వేదాంతం, వెంపటి, పసుమర్తి, చింతా, భాగవతుల మొదలైన ఇంటిపేర్ల వారి విద్య అది. మా విద్యంతా చేలోనే. అయితే ఈ రెండు విద్యలవాళ్ళూ, మిగతా ఊరంతా ఒకే వీధిలో కలిసి నడిచే రోజులు కొన్ని వున్నాయి. దసరాల్లో అమ్మవారిని ఊరేగించే రోజు అందులో ఒకటి. చిన్నప్పటినుంచి చూస్తున్న ఆ ఊరేగింపును సైన్సు విద్యార్థిగా మళ్ళీ గమనిస్తే తోచిన సంగతులు కొన్ని మిత్రులతో చెప్పుకోవాలని ఈ వ్యాసం.

మా ఊరు విజయవాడకు సుమారు యాభై కిలోమీటర్లు. పామర్రు మీదుగా రావాలి. ఊళ్ళో దేవుడు రామలింగేశ్వరుడు, అమ్మవారు బాలాత్రిపురసుందరి. పక్కనే మొవ్వ. క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడు అక్కడి వేణుగోపాలస్వామే. గుళ్ళో మూలవిరాట్టు కదలదు. బయటికి వచ్చేది పంచలోహాల ఉత్సవమూర్తి. ఎందుకు రావాలి? గుడికి రాలేనివాళ్ళు ఊళ్ళో ఎప్పుడూ వుంటారు. మంచాన పడ్డ ముసలివాళ్ళు, బాలింతలు, పాలేరు పనిలో తీరికలేనివాళ్ళు, ఒకప్పుడు రానివ్వనివాళ్ళు. వాళ్ళ గుమ్మం ముందుకు దేవుడే నడిచి రావడం ఊరేగింపు. అందుచేత ఊరేగింపులో అసలు చూడవలసినది విగ్రహానికి చేసిన అలంకారం కాదు, అది పోయే దారి అని నా అభిప్రాయం. ఆ సంగతికి చివర వస్తాను.

ముందు మోసేవాళ్ళ సంగతి. దివిటీ పట్టేది చాకలివారు, డోలూ సన్నాయీ మంగలివారు, అందరికన్నా ముందు డప్పు మాదిగవారు, పల్లకీ బోయీలు. మన డెల్టా ఊళ్ళన్నిటా దాదాపు ఇదే ఏర్పాటు. ఇదంతా ఉత్త భక్తి మీద నడిచింది కాదు. ఆ పనికి మాన్యం వుండేది. సన్నాయికి ఇంత, దివిటీకి ఇంత అని భూమి. ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు చట్టం 1956లో వచ్చింది. ఆ తరవాత మాన్యాల లెక్కలు మారాయి, 1987లో దేవాదాయ చట్టం మిరాశీ హక్కులను కూడా తీసివేసింది. ఇప్పుడు డోలుకు రోజుకింత అని మాట్లాడుకుంటారు. ఇది మంచిదే. తాత మోశాడు కాబట్టి మనవడూ మొయ్యాలనే నియమం పోయింది. కాని భుజాలు కరువయ్యాయి. కుర్రాళ్ళంతా హైదరాబాదులోనో బెంగుళూరులోనో వుంటారు. అందుకని చాలా ఊళ్ళల్లో పల్లకీ బదులు ట్రాక్టరు ట్రక్కు మీద వాహనం పెడుతున్నారు.

పల్లకీ మొయ్యడంలో ఫిజిక్సు చాలా వుంది. బొంగుకు ఒకే కొసన ఇద్దరు భుజం పెడితే బరువు చెరిసగం పడుతుందని అనుకుంటాం. పడదు. ఇద్దరిలో పొడుగువాడి మీదే ఎక్కువ పడుతుంది, పొట్టివాడు ఊరికే చెయ్యి ఆనించినట్టు నడుస్తాడు. అందుకే పెద్దవాళ్ళు ముందు ఎత్తు చూసి జతలు కలుపుతారు. ఒకే ఎత్తువాళ్ళు దొరక్కపోతే పొట్టివాడి భుజం మీద తువ్వాలు నాలుగు మడతలు ఎక్కువ వేస్తారు. ఇంకొకటి, మోసేవాళ్ళు మోకాలు కొంచెం వంచి చిన్న చిన్న అడుగులు వేస్తారు. మనం మామూలుగా నడిస్తే అడుగడుక్కీ ఒళ్ళు లేచి పడుతుంది, ఆ ఊపు బొంగు సహజంగా ఊగే వేగంతో కలిసిందంటే పల్లకీ ఉయ్యాలే. ప్రయోగశాలలో మనం అనునాదం అని రాసుకునేది మా నాన్న "అడుగు కలిపారా చచ్చామే, తప్పించి వెయ్యండ్రా" అని ఒక్క ముక్కలో చెబుతాడు.

ఇక దివిటీ. పెట్రోమాక్సు లైట్లకు ముందు మా ఊరి భాగవతులు ఆడినది కూడా ఈ దివిటీల వెలుగులోనే, ఈ వీధిలోనే. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటే సత్యభామ ఆ తెర మీంచి జడ బయటికి వేసేది. నన్ను మించినవాడుంటే రావచ్చునని సవాలు. పాత్ర ప్రవేశించే క్షణంలో దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గున మంట లేచి వీధంతా పట్టపగలయ్యేది. గుగ్గిలం గడ్డను నిప్పుమీద పెట్టి చూడండి, పొగ వస్తుంది గాని మంట అంతగా రాదు. అదే మెత్తగా దంచి గాలిలోకి చల్లితే ప్రతి రేణువుకూ చుట్టూ గాలి తగులుతుంది, ఉపరితలం వందల రెట్లు పెరుగుతుంది, అంతా ఒక్కసారే మండుతుంది. పిండిమరల్లో దుమ్ముకు నిప్పంటుకుంటే పేలడానికీ కారణం ఇదే. రసాయనశాస్త్రం చదవని భాగవతులు ఎంత పొడి, ఎంత ఎత్తునుంచి చల్లాలో చేతి కొలతతో తెలిసినవారు.

సిద్ధేంద్రయోగి భామాకలాపం రాసి, ఊళ్ళోని భాగవతుల కుటుంబాల మగపిల్లలందరూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని కట్టడి చేశాడని చెబుతారు. గోల్కొండ తానీషా ఈ ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. ఆ తానీషా 1672లో గద్దె ఎక్కినవాడు, 1687లో కోటతోపాటు గద్దే పోయింది. మేళాలు ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగేవి. వాళ్ళ ఆటకు టిక్కెట్టు లేదు. వీధిలో కూర్చున్నవాడల్లా ప్రేక్షకుడే. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. అప్పటికే ఆట వీధినుంచి రంగస్థలానికి పోతున్నది, ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. స్త్రీ వేషానికి పేరెన్నికగన్న వేదాంతం సత్యనారాయణశర్మగారు 2012లో పోయారు. అదే ఏడు చినసత్యంగారూ పోయారు. ఇప్పుడు అమెరికాలోనూ కూచిపూడి నేర్పుతున్నారు. ఇదంతా మనకు గర్వకారణమే. కాని మా నాయనమ్మకు ఆట చూడాలంటే వీధి కావాలి. హాలుకు ఆవిడ పోదు.

మా భాగవతుల రచనల్లోనే గొల్లకలాపం ఒకటుంది. చల్లలమ్మే గొల్లభామ బ్రాహ్మణుణ్ణి నిలదీసి, బ్రాహ్మణత్వమంటే ఏమిటో చెప్పమంటుంది. పిండం తల్లి కడుపులో ఎట్లా ఏర్పడి ఎట్లా పెరుగుతుందో వివరంగా ఏకరువు పెడుతుంది. జువాలజీ మిత్రులకు అందులో తప్పులు కనబడవచ్చును గాక, అందరూ పుట్టే దారి ఒకటే అని నడివీధిలో నిలబడి ఒక గొల్లభామ చేత చెప్పించిన ధైర్యం చిన్నది కాదు. అగ్రహారంవారే అది ఆడారు, అగ్రహారంవారే చూశారు.

దసరాకు జనం ఎందుకు వస్తారో కూడా రైతుబిడ్డగా చెప్పాలి. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయింది, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మా పండగల తీరిక ఆ కాలవ నీటిని బట్టే. సకాలంలో నీళ్ళొచ్చి ఊడ్పులయితే దసరానాటికి సార్వా చేను పొట్ట మీద వుంటుంది. కలుపులు అయిపోయి, కోత రాక, రైతూ కూలీ ఇద్దరూ కాస్త ఊపిరి పీల్చుకునే పదిరోజులు అవి. పైన నీళ్ళు లేక ఊడ్పులు ఆలస్యమైన ఏడు దసరాకు జనం పొలాల్లోనే వుంటారు, ఊరేగింపు వెలవెలబోతుంది. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు వచ్చినప్పటినుంచి కొంత నయం.

ఇప్పుడు దారి సంగతి. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. గుడి తలుపు అందరికీ తెరుచుకున్నది. కాని ఆ చట్టంలో ఊరేగింపు పోయే దారి లేదు. దాన్ని ఊరే నిర్ణయించుకుంటుంది. మా ప్రాంతంలో చాలా ఊళ్ళల్లో వాహనం పెద్దవీధులన్నీ తిరిగి, పల్లె మలుపు వచ్చేసరికి వెనక్కి మళ్ళిపోతుంది. అందరికన్నా ముందు నడిచే డప్పు ఆ పల్లెకు అవతల గూడెంలోదే. డప్పు వచ్చిన దారిన దేవుడు పోడన్నమాట!

మా అమ్మ పుట్టినూరు కూడా అట్లాంటిదే. అది డెల్టాలోనే మరొక గ్రామం, పేరెందుకు. దసరా ఊరేగింపు అక్కడ కూచిపూడికి రెండు రోజుల ముందు. ఈ ఏడు పల్లె కుర్రాళ్ళు, వారిలో ఇద్దరు ఇంజనీరింగు చదువుతున్నవారు, వాహనం తమ వీధికీ రావాలని అడిగారు. పెద్దలు కాదనలేదు. "రావచ్చునయ్యా, కాని అక్కడ కరెంటు తీగలు కిందికున్నాయి, గొడుగు తగిలితే ఎవరిది పూచీ?" అన్నారు. మాట సబబుగానే వుంది. మా మేనమామ నాకేసి చూసి "నువ్వు బియ్యస్సీ గదరా, చూడరాదూ" అన్నాడు.

చూశాను. కోణమాపకానికి దారం కట్టి, దారానికి చిన్న రాయి కట్టి, తీగ సరిగ్గా నలభై అయిదు డిగ్రీల్లో కనబడేదాకా వెనక్కి జరిగాను. అక్కడినుంచి తీగ కిందికి ఎంత దూరమో, దానికి నా కంటి ఎత్తు కలిపితే తీగ ఎత్తు వచ్చేస్తుంది. ముట్టుకోనక్కర లేదు, నిచ్చెన అక్కర లేదు. వీధికి అడ్డంగా పోయే తీగ 5.8 మీటర్లుండాలని కరెంటువారి నిబంధన. అన్నిటికన్నా వేలాడినచోట నాకు 5.1 వచ్చింది. ఆ మేరకు పెద్దల భయం నిజమే. ట్రక్కు మీద వాహనం, దాని మీద గొడుగు అన్నీ కలిపి 3.8. మధ్యన ఇంకా మీటరు పైనే ఖాళీ వుంది. పెద్దవీధిలోని తీగలూ కొలిచాను. ఒకచోట 4.9 వచ్చింది. దాని కింద నుంచి ఏటేటా పోతూనే వున్నారు.

కాగితం మీద రాసి ఇచ్చాను. మా మేనమామ అది చావడిలో చదివాడు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన నా చేతిలోని కోణమాపకం పుచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి ఈ ఏటికి మలుపుదాకా పోదామన్నారు.

మలుపుదాకా పోయింది. పల్లెవాళ్ళు హారతి పళ్ళేలతో అక్కడికే ఎదురొచ్చారు. యాభై అరవై కొబ్బరికాయలు కొట్టారు. తరవాత ట్రాక్టరు వెనక్కి తిప్పవలసి వచ్చింది. మలుపు ఇరుకు, పక్కన పంటకాలవ, ట్రక్కు మీద అమ్మవారు. ముందుకూ వెనక్కూ జరిపి జరిపి తిప్పేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, గొడుగు ఒకవైపు ఒరిగింది కూడా. ఇంకో రెండువందల గజాలు ముందుకు పోతే పల్లెలో రామాలయం ముందు విశాలమైన స్థలం వుంది. అక్కడయితే ఒక్క మలుపులో తిరిగేది. డ్రైవరు ఆ మాట గట్టిగానే అన్నాడు.