జీపు, ట్రాక్టరు గేరు నిష్పత్తిని లెక్కించుట ఎట్లు?

పాత జీపును గాని, పాత ట్రాక్టరును గాని కొనదలచిన రైతు టైర్లు చూచును, ఇంజను చప్పుడు వినును, కాగితములు చదివించుకొనును. బండి కడుపులోని పండ్ల చక్రముల లెక్క అడుగువారు మాత్రము అరుదు. కొన్నాళ్లకు క్రౌను, పినియను అరిగి విడిభాగముల దుకాణమునకు పోయినపుడు, “ఎన్ని పండ్లది కావలెను?” అని అడిగినచో జవాబు దొరకదు. ఇచ్చినది తెచ్చి బిగించిన పిమ్మట బండి బరువు లాగకపోవుటయో, రోడ్డుపై వేగము చాలకపోవుటయో జరుగును. ఒక సుద్దముక్క, ఒక జాకీ, ఇద్దరు మనుష్యులు ఉన్నచో ఈ లెక్కను ఇంటి ముంగిటనే తేల్చుకొనవచ్చును.

ఇంజను నుండి వచ్చు శక్తి గేరుపెట్టెను దాటి, పొడవైన ప్రొపెల్లరు షాఫ్టు ద్వారా వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్‌కు చేరును. అచ్చట షాఫ్టు కొనకు పినియను అను చిన్న పండ్ల చక్రము, దానితో కలిసి క్రౌను అను పెద్ద పండ్ల చక్రము ఉండును. పినియనుకు 8, క్రౌనుకు 43 పండ్లు ఉన్నవనుకొందము. 43ను 8చే భాగించిన 5.375 వచ్చును. అనగా షాఫ్టు అయిదున్నర చుట్లకు కొంచెము తక్కువగా తిరిగినపుడు క్రౌను ఒక చుట్టు తిరుగును. పుస్తకములలో దీనినే 5.38 అని వ్రాయుదురు. సంఖ్య పెరిగినకొలది లాగు బలము హెచ్చును, వేగము తగ్గును.

ఈ 43-8 లెక్క ఊహించి చెప్పినది కాదు. 1952 అక్టోబరు 2న సముదాయ వికాస పథకము మొదలైన తరువాత బ్లాకు ఆఫీసుల జీపు పల్లెలకు బాగుగా పరిచయమైనది. మన దేశములో చాలాకాలము తయారైన సి.జె. 3బి రకము జీపు ఇరుసులకు 5.38 నిష్పత్తియే. రెండవ ప్రపంచ యుద్ధకాలపు సైనిక జీపుది వేరు. అందు క్రౌనుకు 39, పినియనుకు 8 పండ్లు, అనగా 4.88. చిక్కేమనగా, ఈ రెండు జీపుల ముందు ఇరుసులు ఒకే జాతివి. పైకి చూచి లోపల ఏ జత ఉన్నదో చెప్పుట కష్టము. పాత సామానుల అంగడి నుండి తెచ్చిన ఇరుసును ముందు బిగించి, వెనుక అసలుదే ఉంచినచో, షాఫ్టులు రెండును సమానముగా తిరిగినను, వెనుక చక్రములు 100 చుట్లు తిరుగునప్పటికి ముందువి 110 చుట్లు తిరుగ జూచును. రెండు చక్రముల నడకతో పోవునంతసేపు దోషము బయటపడదు. వానకాలమున బురదలో నాలుగు చక్రముల నడక వేసినపుడు చక్రములు జారి సర్దుకొనును. అదే నడకతో గట్టి రోడ్డు ఎక్కినచో షాఫ్టులు మెలిపడి బిగుసుకొనును, టైర్లు రాచుకొనిపోవును, మార్పు కడ్డీ ఎంత లాగినను రాదు. డ్రైవరును తిట్టి ప్రయోజనము లేదు.

లెక్కించు విధానము: ముందుగా బండిని సమతల ప్రదేశమున నిలిపి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసివేయవలెను. నేలపై ఉండు మూడు చక్రములకును ముందు వెనుకల రాళ్లు గాని, చెక్క దిమ్మెలు గాని గట్టిగా పెట్టవలెను. ఇందు అశ్రద్ధ పనికిరాదు. పాత జీపులలో హేండ్ బ్రేకు చక్రములను పట్టదు. వెనుక షాఫ్టును పట్టును. ఒక వెనుక చక్రము గాలిలో ఉన్నపుడు అట్టి బ్రేకు వేసియున్నను, లేచిన చక్రము వెనుకకు తిరుగుచుండగా నేలపై చక్రము ముందుకు దొర్లగలదు, బండి జాకీ మీది నుండి పడగలదు. ఎట్లును షాఫ్టు తిరుగవలెను గనుక ఆ బ్రేకును వదలియే ఉంచవలెను. కావున రాళ్లే ఆధారము. జాకీ ప్రక్కనే ఇరుసు క్రింద గట్టి దిమ్మె కూడ పెట్టవలెను.

ఒక వెనుక చక్రమును మాత్రము నేలనుండి లేపి, గేరును న్యూట్రలులో ఉంచవలెను. టైరుపైనను, షాఫ్టుపైనను సుద్దతో గీతలు గీయవలెను. ఒకరు చక్రమును త్రిప్పుచు దాని చుట్లు లెక్కింపవలెను. రెండవవారు ప్రక్కనుండి షాఫ్టు చుట్లు లెక్కింపవలెను. ఇచ్చట చాలామంది పొరబడుదురు. చక్రము ఒక చుట్టు తిరిగినపుడు క్రౌను కూడ ఒక చుట్టు తిరిగినదని తలంతురు. కాదు. రెండు చక్రముల చుట్లను కలిపి సగము చేసిన ఎంతయో, క్రౌను అంతే తిరుగును. ఒక చక్రము నేలపై కదలక ఉన్నది గనుక, లేపిన చక్రము రెండు చుట్లు తిరిగిన గాని క్రౌను ఒక చుట్టు తిరుగదు. ఇది తెలియనివారు 5.38 ఉన్నచోట 2.69 అని వ్రాసికొందురు. రెండు చక్రములను లేపి ఒకదానినే త్రిప్పినచో రెండవది ఎదురు తిరుగును, షాఫ్టు కదలకుండును. గేరు విరిగినదని అపుడు భయపడనక్కరలేదు. డిఫరెన్షియల్ స్వభావమే అది.

రెండు చుట్లతో ముగించిన లెక్క నిక్కముగా రాదు. పినియనుకు 8 పండ్లు గనుక, లేపిన చక్రమును 16 చుట్లు త్రిప్పవలెను. క్రౌను 8 చుట్లు తిరుగును. షాఫ్టు సరిగా 43 చుట్లు తిరిగి సుద్దగీత మొదటి చోటికే వచ్చినచో అది 5.38, 39 చుట్లకే వచ్చినచో 4.88. ముందు ఇరుసుకు కూడ ఇదే పద్ధతి. అయితే కడ్డీ రెండు చక్రముల నడకలో ఉండవలెను. చక్రపు హబ్బులకు విడుపు ఏర్పాటున్నచో వాటిని బిగించి ఉంచవలెను. కొన్ని ఇరుసుల మూతబోల్టు క్రింద పండ్ల సంఖ్య చెక్కిన చిన్న రేకు ఉండును. లోపలి జత ఎన్నడైన మారినదో లేదో ఆ రేకు చెప్పజాలదు.

గేరుపెట్టె నిష్పత్తికి చేతితో త్రిప్పు హేండిలు కావలెను. పెట్రోలు ఇంజనైనచో స్పార్కు ప్లగ్గులు తీసివేసినపుడు తేలికగా తిరుగును. వెనుక చక్రమొకటి లేపియే ఉంచి, మొదటి గేరు వేసి హేండిలును త్రిప్పవలెను. ఈ జీపుల మూడు గేర్ల పెట్టెలో హేండిలు 28 చుట్లకు షాఫ్టు 10 చుట్లు, అనగా 2.80 వచ్చును. మూడవ గేరులో రెండును సమానము. మొదటి గేరులో ఇంజను 15 చుట్లు తిరిగిన గాని చక్రము ఒక చుట్టు తిరుగదని 2.80ని 5.38తో గుణించి తెలిసికొనవచ్చును.

ట్రాక్టరులో షాఫ్టు బయటకు కనబడదు. క్రౌను తరువాత చక్రముల వద్ద మరియొక తగ్గింపు గేరు కూడ ఉండును. కావున మొత్తము నిష్పత్తినే కొలువవలెను. ఇంజను మీటరు 1500 చూపునట్లు స్థిరముగా నడుపుచు, గీత గీసిన వెనుక చక్రము 10 చుట్లకు పట్టిన కాలము చూడవలెను. మనిషి దూరముగా, ప్రక్కన నడువవలెను. 40 సెకండ్లు పట్టినచో నిమిషమునకు 15 చుట్లు. 1500ను 15చే భాగించిన 100. ఆ గేరులో మొత్తము నిష్పత్తి అదియే. మనము లెక్కించునది చక్రపు చుట్లు గనుక నేల జారుడు ఈ లెక్కను చెరుపదు. టైరు చుట్టుకొలత 4 మీటర్లైనచో నిమిషమునకు 60 మీటర్లు, గంటకు 3.6 కిలోమీటర్లు. అయితే ఈ వేగములో నేల జారుడును తీసివేసుకొనవలెను.

క్రౌను, పినియను కొనునపుడు ఒకదానిని మాత్రము ఎన్నడును తేరాదు. ఫ్యాక్టరీలో రెండింటిని కలిపి ఒరిపిడి పెట్టి జత చేయుదురు. జత సంఖ్య రెండింటిమీదను చెక్కియుండును. ఆ సంఖ్యలు కలిసినవో లేదో చూచి, పండ్లను దుకాణములోనే స్వయముగా లెక్కించి, ఇంటివద్ద తేల్చిన లెక్కతో సరిపోయిన పిమ్మటనే డబ్బు చెల్లింపవలెను.