మడత చాకు - దాని ఉక్కు

లాలాపేట, తార్నాక వీధుల్లోకి సాన పట్టేవాడు వచ్చినప్పుడు పిల్లలు అతని చుట్టూ మూగేది నిప్పురవ్వలను చూడటానికే. ఆ రవ్వలను కాస్త శ్రద్ధగా గమనిస్తే కత్తి ఏ రకం ఉక్కుతో చేసిందో చెప్పవచ్చు. కర్బనం ఎక్కువగా ఉన్న ఉక్కు సానరాయికి తగిలినప్పుడు రవ్వలు దూరం ఎగిరి, కాకరపువ్వొత్తి వెలిగినట్లు చివర చీలి విరుచుకుంటాయి. రవ్వలోని కర్బనం గాలిలోని ఆమ్లజనితో కలిసి వాయువుగా మారుతుంది. ఆ వాయువు వేడెక్కిన ఇనుప రేణువును పగలగొడుతుంది. తుప్పు పట్టని ఉక్కులో క్రోమియం ఉంటుంది. దాని రవ్వలు సాధారణంగా పొట్టిగా, తక్కువగా ఉంటాయి.

తపాలాబిళ్ళలను, నాణేలను పోగుచేసేవారి వలెనే మడత చాకులను పోగుచేసేవారు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వీరికి పైన చెప్పిన రెండు రకాల ఉక్కుల మధ్య భేదం చిన్న విషయం కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2006లో ఏర్పడిన గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ అనే సంస్థ పాత పద్ధతిలో, ఎక్కువగా కర్బనపు ఉక్కుతోనే చాకులు చేస్తూ పేరు తెచ్చుకున్నది. ఒక నమూనాను కొంతకాలం చేసి ఆపివేస్తారు. అది మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుచేత రాబోయే నమూనా ఏదన్న సంగతి పొక్కగానే సేకర్తలలో సందడి మొదలవుతుంది. విచిత్రమేమిటంటే వారు అంతగా ఎదురుచూసే "క్రొత్త" నమూనా చాలాసార్లు నూరేళ్ళ నాటిదే!

ఈ నమూనాలు అలంకారానికి పుట్టినవి కావు. బార్లో అనే చాకుకు పిడి ముందుభాగాన పొడవైన లోహపు తొడుగు ఉంటుంది. ఎక్కువ ఒత్తిడి పడే కీలు దగ్గర అది బలాన్నిస్తుంది. స్టాక్‌మన్ అనేది పశువుల కాపరుల చాకు. అందులో మూడు బ్లేడులు, మూడింటికి మూడు పనులు. ట్రాపర్‌లో రెండు పొడవైన బ్లేడులు ఉంటాయి. ఇది ఉచ్చులు పన్ని జంతువులను పట్టి తోలు ఒలిచేవారిది. కేస్ అనే పాత సంస్థవారు అంకెలతోనే నమూనాను చెబుతారు: 6254 అంటే మొదటి 6 ఎముక పిడి, 2 బ్లేడుల సంఖ్య, 54 ట్రాపర్ ఆకారం. 1970లో వారు బ్లేడు మొదట్లో పది చుక్కలు ముద్రించి, ఆ తరువాత ఏటా ఒక చుక్క తగ్గిస్తూ వచ్చారు. చుక్కలు లెక్కపెడితే ఆ దశాబ్దపు చాకుల వయస్సు తేలిపోతుంది.

మడత చాకు నిర్మాణం సులువే. పిడి వెన్నున ఒక ఉక్కుబద్ద ఉంటుంది, అదే స్ప్రింగు. అది బ్లేడు మొదలును ఎప్పుడూ అదుముతూ ఉంటుంది. బ్లేడు మొదటికి చదునైన ముఖాలు ఉండటం చేత తెరిచినప్పుడు ఒక ముఖం మీద, మూసినప్పుడు మరొక ముఖం మీద బద్ద చక్కగా ఆనుకుని టక్కుమంటుంది. ఈ చప్పుడును బట్టే అనుభవజ్ఞులు పనితనాన్ని అంచనా వేస్తారు. తాళం మాత్రం లేదు. మొనతో గట్టిగా పొడిస్తే బ్లేడు వ్రేళ్ళ మీదికే మడుచుకుంటుంది.

ఇక భద్రపరచటం. కర్బనపు ఉక్కుతో మామిడికాయ కోస్తే పులుపు వల్ల బ్లేడు నీలి బూడిదరంగుకు తిరుగుతుంది. ఇది చూసి కంగారుపడి తోమేవారున్నారు, తోమనవసరం లేదు. ఆ పలుచని పొర ఎర్రతుప్పు వంటిది కాదు, లోహాన్ని కొంతవరకు కాపాడుతుంది. నిజమైన శత్రువు వేరే ఉన్నది. పాత చాకులలో కొన్నింటికి సెల్యులాయిడ్ పిడులు ఉంటాయి. సెల్యులాయిడ్‌లో ఉండేది సెల్యులోజు నైట్రేటు. ఏళ్ళు గడిచేకొద్దీ అది విచ్ఛిన్నమై నత్రజని ఆక్సైడులను విడుస్తుంది. గాలిలోని తేమతో కలిసి అవి ఆమ్లంగా మారతాయి. మూతపెట్టిన పెట్టెలో అటువంటి చాకు ఒక్కటున్నా పక్కనున్న చాకులన్నీ తుప్పు పడతాయి! కనుక సెల్యులాయిడ్ పిడి చాకులను వేరుగా, గాలి తగిలేచోట ఉంచాలి. తోలు ఒరలో కత్తిని ఏళ్ళ తరబడి ఉంచటం కూడా మంచిది కాదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

చాకు మనకు పరాయి వస్తువు కాదు. దక్షిణదేశంలో తాటాకు మీద వ్రాసేవారి గంటాలలో కొన్నింటికి మడిచే చాకు జతగా ఉండేది. ఒకే పిడిలో ఒకటి వ్రాతకు, ఒకటి ఆకు అంచులు కోయటానికి. హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియంలో నూర్జహాను పండ్లు కోసుకునే కత్తి ఉన్నది. అంతకన్న ముఖ్యమైనది మన ఉక్కు.

ఇంగ్లండులో పూర్వం ఈక కలాలను చెక్కటానికి చిన్న చాకులు వాడేవారు. 1794లో బొంబాయి నుండి హెలినస్ స్కాట్ అనే వైద్యుడు ఇక్కడి ఉక్కు ముద్దలను లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షునికి పంపాడు. దానిని అక్కడ "వూట్జ్" అన్నారు. ఈ మాట మన "ఉక్కు" నుండే పుట్టినదని పలువురి అభిప్రాయం. జార్జి పియర్సన్ దానిని పరీక్షించి 1795లో వ్యాసం ప్రకటించాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు ఆ ఉక్కుతో కలం చెక్కే చాకు చేశాడు. చీకటిలో మాత్రమే ఎర్రగా కనిపించేటంత తక్కువ వేడిమి మీద దానిని సాగగొట్టవలసివచ్చింది. పదును మాత్రం మేలైన ఉక్కు చాకుకు తీసిపోలేదు. ఈ స్టోడార్టే తరువాత కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేసి 1820లో ఫలితాలు ప్రకటించాడు.

తక్కువ వేడిమి ఎందుకు? ఈ ఉక్కులో కర్బనం సుమారు నూటికి ఒకటిన్నర పాళ్ళు ఉంటుంది. అందులో కొంత, ఇనుముతో కలిసి సిమెంటైటు అనే గట్టి కణాలుగా ఏర్పడుతుంది. ఎక్కువగా కాచి కొడితే ముద్ద పగిలిపోతుంది. మితంగా కాచి, మెల్లగా సాగగొడితే ఆ కణాలు వరుసలు తీరి, నీటి అలల వంటి చారలుగా బయటపడతాయి. డమాస్కస్ కత్తుల కీర్తికి మూలం ఇదే.

ఆ ఉక్కు తయారైన ఊళ్ళలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకటి. హైదరాబాదు సంస్థానంలో సర్వే పనిమీద తిరిగిన వైద్యుడు, భూవిజ్ఞాని హెన్రీ వాయ్సీ అక్కడి పనిని కళ్ళారా చూశాడు. రెండు చోట్ల ఇనుమును కలిపి మట్టిమూసలో వేసి, మూత బిగించి, కొలిమిలో చాలాసేపు కాచి, మెల్లగా చల్లార్చేవారు. ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుడు దగ్గరుండి ఆ ఉక్కును కొనటం కూడా ఆయన చూశాడు. వాయ్సీ 1824లో చనిపోయాడు. ఆయన వివరణ 1832లో గాని అచ్చు కాలేదు. పెద్ద కర్మాగారాల చవక ఉక్కు వచ్చిన తరువాత కోనసముద్రం కొలిములు చల్లారిపోయాయి. ఆ కమ్మరులకు మూసలోని రంగునుబట్టి, చప్పుడునుబట్టి తెలిసిన విద్య ఎక్కడా వ్రాతలోకి ఎక్కలేదు. అందుకే నేటి లోహశాస్త్రజ్ఞులు అక్కడి పగిలిన మూసల పెంకులను, పాత కత్తుల అలల చారలను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఆ పనిని మళ్ళీ అంచనా కట్టవలసివస్తున్నది.